కరెంటు పోయినా కరెంటు వుంటుంది

సాయంత్రం నాలుగైంది. రాజోలు దగ్గర ఒక ఊరు. అక్కడ పొదుపు సంఘం వాళ్లకి ఒక గది వుంది. గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు వున్నాయి. బల్ల కింద నల్లటి పెట్టె ఒకటి వుంది. అది చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్దది. చూడ్డానికి చిన్నదే గానీ ఎత్తితే బరువు.

కంప్యూటరు ముందు ఒక అమ్మాయి కూర్చుంది. ఆ ఊరి కోడలే. డిగ్రీ చదివింది. సంఘం లెక్కలు ఆమే ఎక్కిస్తుంది. ఆ రోజు అప్పు కాగితాలు టైపు చేస్తోంది. మర్నాడు పొద్దున్నే వాటిని బ్యాంకుకి పట్టుకెళ్లాలి. ఇరవై ఆరు పేర్లు అయ్యాయి. ఇంకా నాలుగు పేర్లు వున్నాయి.

ఠక్కున ఫ్యాను ఆగింది. లైటు ఆరింది. కంప్యూటరు మాత్రం ఆరలేదు. నల్ల పెట్టె ‘కుయ్... కుయ్...’ అని అరవడం మొదలుపెట్టింది.

“కరెంటు పోయింది కదమ్మాయ్! ఇదెలా వెలుగుతోంది?” అంది పక్కన కూర్చున్న పెద్దమ్మ. సంఘంలో అందరికంటే పెద్దావిడ ఆమే. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుంది.

“కింద పెట్టె వుంది కదా పెద్దమ్మా, ఏం భయం లేదు” అంది అమ్మాయి. గబగబా మిగతా పేర్లు కొట్టింది. ప్రింటరు మీట నొక్కింది. ప్రింటరు వైరు కూడా ఆ నల్ల పెట్టెకే పెట్టి వుంది. పెట్టె ‘కీ...’ అని పొడుగ్గా ఒక్క కేక పెట్టింది. అంతే. అన్నీ ఆరిపోయాయి. ముప్ఫై పేర్లూ పోయాయి.

అమ్మాయి బిక్కమొహం వేసింది. ఆ రాత్రి కరెంటు వచ్చాక పన్నెండు దాకా కూర్చుని పేర్లన్నీ మళ్లీ కొట్టింది.

పెట్టెలో ఏముంది?

మర్నాడు సంఘం లీడరు అక్క పక్క ఊరి నుంచి ఒక ఎలక్ట్రీషియన్ని పిలిపించింది. ఐటీఐ చదివిన కుర్రాడు. వస్తూనే గోడకున్న స్విచ్చి కట్టేశాడు. పెట్టె ప్లగ్గు పీకేశాడు. పెట్టె మీద వున్న స్విచ్చి కూడా కట్టేశాడు. అప్పుడు స్క్రూలు తీశాడు.

“ఇది మీరెప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపల కొట్టే కరెంటు వుంటుందండి” అన్నాడు.

లోపల ఇటుక అంత నల్లటి దిమ్మ వుంది. అది బ్యాటరీ. దాని పక్కన రాగితీగ చుట్టిన బరువైన ముద్ద ఒకటి వుంది. పైన పచ్చ బిళ్ల మీద చిన్న చిన్న సామాన్లు వున్నాయి.

ఈ పెట్టె పేరు యూపీయస్. ఆగకుండా కరెంటు ఇచ్చేది అని ఆ పేరుకి అర్థం. కుళాయి వచ్చినప్పుడు బిందె నింపి పెట్టుకుంటాం కదా! కుళాయి కట్టేశాక ఆ నీళ్లే వాడుకుంటాం. బ్యాటరీ కూడా బిందె లాంటిదే. గోడలో కరెంటు వున్నంతసేపు అది నిండుతుంది. కరెంటు పోగానే అందులోది బయటికి వస్తుంది.

ఒక తేడా వుంది. గోడ సాకెట్లో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాని జోరు 230 వోల్టులు. బ్యాటరీ కరెంటు ఊగదు. ఒకవైపే నడుస్తుంది. దాని జోరు 12 వోల్టులే. కంప్యూటరుకి గోడ కరెంటు లాంటిదే కావాలి. అందుకని ఈ పెట్టె ఆ 12 వోల్టులని 230 చేసి, ఊగే కరెంటుగా మార్చి పంపుతుంది. కరెంటు పోయిన క్షణంలోనే, మనం రెప్ప కొట్టేలోగానే, ఆ మార్పు జరిగిపోతుంది. అందుకే కంప్యూటరు ఆరదు.

“అంటే బాబూ, స్తంభం మీద కరెంటు లేకపోయినా ఈ పెట్టె వెనక వున్న కంతల్లో కరెంటు వున్నట్టేనా?” అని అడిగింది పెద్దమ్మ.

“ఆయ్, వున్నట్టేనండి. గోడ కరెంటు ఎలా కొడుతుందో అలాగే కొడుతుంది.”

కరెంటు పోయింది కదా అని మనం ధైర్యంగా వైరు పట్టుకుంటాం. తడిగుడ్డతో తుడుస్తాం. అలవాటు అలాంటిది. ఈ పెట్టె వున్న ఇంట్లో ఆ అలవాటు పనికిరాదు.

అంకెలు చదివితే తెలుస్తుంది

“మరి నిన్న ఎందుకు ఆగిపోయింది అన్నయ్యా?” అంది అమ్మాయి.

ఎలక్ట్రీషియను పెట్టె వెనక అతికించిన కాగితం చూపించాడు. దాని మీద అక్షరాలు ఇంగ్లీషువి. పెద్దమ్మకి అవి రావు. కానీ అంకెలు ఎక్కడైనా అంకెలే. “ఆరు వందలు. ఇక్కడ మూడు వందల అరవై” అని చదివింది.

ఆ పెట్టె 600 వీఏ పెట్టె. కొనేటప్పుడు షాపులో ఈ అంకే చెబుతారు. మనకి కావాల్సింది రెండోది. 360 వాట్లు. అంతకు మించి బరువు ఆ పెట్టె మోయలేదు.

కంప్యూటరు, దాని తెర కలిపి దాదాపు 150 వాట్లు లాగుతాయి. 360 లోంచి 150 తీసేస్తే ఎంత? 210 మిగులుతుంది. పొడి రంగుతో అచ్చు వేసే లేజరు ప్రింటరు పని మొదలెట్టేటప్పుడు వేడెక్కుతుంది. ఆ కాసేపూ ఎనిమిది వందల వాట్లు దాటి లాగే ప్రింటర్లు కూడా వున్నాయి. 210 వున్నచోట 800 ఎక్కడి నుంచి వస్తాయి? ఒక మనిషి మోసే కావడిలో పది మంది బరువు పెడితే కావడి విరుగుతుంది. పెట్టె తెలివైంది. విరగకముందే ఆగిపోయింది.

ప్రింటరుని, ఇస్త్రీపెట్టెని, మిక్సీని యూపీయస్ కి పెట్టకూడదు. కంప్యూటరు, తెర, ఇంటర్నెట్టు డబ్బా చాలు.

ఇంకో లెక్క చూద్దాం. లోపలి బ్యాటరీ మీద 12 అని, 7 అని రాసి వుంది. 12ని 7తో గుణిస్తే 84. కంప్యూటరు గంటకి 150 ఖర్చు పెడుతుంది. 84 అంటే అరగంట పైనే రావాలి. కానీ రాదు. ఒక్కసారిగా ఎక్కువ లాగితే ఇలాంటి బ్యాటరీ పూర్తిగా ఇవ్వదు. మార్చేటప్పుడు కొంత పోతుంది. చివరికి పావుగంట, ఇరవై నిమిషాలు వస్తే గొప్ప. బ్యాటరీ పాతదైతే అయిదు నిమిషాలే.

ఆ పావుగంట పని సాగించడానికి కాదు, పని దాచుకోవడానికి. పెట్టె ‘కుయ్’ అనగానే చేసిన పని కంప్యూటరులో భద్రం చేయాలి. తర్వాత కంప్యూటరుని పద్ధతిగా మూసేయాలి. ఆ అమ్మాయి భద్రం చేయకుండా ముందు ప్రింటరు మీట నొక్కింది. కూతలు దగ్గర దగ్గరగా వస్తే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం.

ఎక్కడ పెట్టాలి?

పెట్టె బల్ల కింద గోడకి ఆనించి వుంది. దాని మీద ఎవరో ప్రేమగా దారంతో అల్లిన గుడ్డ కప్పారు. ఆ గుడ్డ మీద ఒక పూలకుండీ. కుండీలో నీళ్లు!

ఎలక్ట్రీషియను నవ్వలేదు. కుండీ తీసి కిటికీలో పెట్టాడు. గుడ్డ మడతపెట్టి అమ్మాయి చేతికిచ్చాడు.

పెట్టె పని చేస్తే వేడెక్కుతుంది. ఆ వేడి పోవడానికే దానికి కంతలు పెట్టారు. గుడ్డ కప్పితే కంతలు మూసుకుంటాయి. గోడకి, పెట్టెకి మధ్య కనీసం జానెడు ఖాళీ వుండాలి. వేడి బ్యాటరీకి శత్రువు. చల్లగా వుంచితే మూడేళ్లో, అయిదేళ్లో పనిచేసే బ్యాటరీ, రేకుల కింద వేడిలో వుంచితే అందులో సగం కాలం కూడా రాదు. పెట్టెకి ఎండ తగలకూడదు. వాన జల్లు తగలకూడదు. కోనసీమలో కొబ్బరి పీచు లేని ఇల్లు అరుదు. పీచు కట్టలు, కమ్మలు, కొబ్బరి డొక్కలు పెట్టె దగ్గర పెట్టకండి. చిన్న నిప్పురవ్వ చాలు.

తర్వాత అతను ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. మూడు కాళ్లుండాల్సిన ప్లగ్గుకి రెండే వున్నాయి. లావుపాటి కాలు విరిగి వుంది.

“ఇదెవరు విరిచారండీ?” అన్నాడు.

సాకెట్టులో పట్టడం లేదని ఎవరో విరిచారు. ఎవరో ఎవరికీ తెలియదు. ఇలాంటివి ఎప్పుడూ ఎవరో చేస్తారు.

ఆ లావుపాటి కాలు ఎర్తుది. లోపల ఏదైనా వైరు తెగి పెట్టె రేకుకి తగిలిందనుకోండి. ఎర్తు వుంటే ఆ కరెంటు వైరు గుండా భూమిలోకి పోతుంది. ఫీజు పోతుంది, మనిషి బతుకుతాడు. ఎర్తు లేకపోతే మనం తాకినప్పుడు మన ఒంట్లోంచి పోతుంది. కోనసీమ నేల తడి నేల. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషికి దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఇంటికి ఎర్తు గొయ్యి వుందో లేదో చూసుకోవాలి. గొట్టం పాతి, బొగ్గు, ఉప్పు వేసి పూడుస్తారు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఆ గొట్టానికి బిగించిన వైరు తుప్పు పట్టి ఊడిపోతుంది. పైకి ఎర్తు వున్నట్టే కనబడుతుంది, వుండదు. ఏడాదికోసారి చూపించుకోవాలి. ఎండాకాలంలో గొయ్యిలో నీళ్లు పోయాలి. మీటరు దగ్గర ప్రాణాలు కాపాడే స్విచ్చి ఒకటి పెట్టించుకోవచ్చు. దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. కరెంటు మనిషి గుండా భూమిలోకి కారుతుంటే అది కన్నుమూసి తెరిచేలోగా పడిపోతుంది. కొనేటప్పుడు 30 మిల్లీయాంపులది అడగండి.

గాజులు, గొలుసులు

ఆ ఎండాకాలంలో సంఘం వాళ్లు ఇన్వర్టరు కూడా కొన్నారు. ఎండాకాలం కోతలు తట్టుకోలేక, గాలి లేక, గదిలో కూర్చోలేకపోయారు. ఇన్వర్టరు కూడా యూపీయస్ లాంటిదే. పెద్దన్నయ్య అనుకోండి. దాని బ్యాటరీ మీద 12, 150 అని వుంది. 12ని 150తో గుణిస్తే 1,800. కంప్యూటరుకి 150, ఒక ఫ్యానుకి 75, రెండు ఎల్ఈడీ బల్బులకి 18. మొత్తం 243 వాట్లు. పోయేది పోగా నాలుగైదు గంటలు వస్తుంది.

కంప్యూటరు నడిపే ఇన్వర్టరు అయితే ఒకటి చూసుకోవాలి. చాలా ఇన్వర్టర్ల వెనక చిన్న మీట వుంటుంది. దాన్ని యూపీయస్ అన్న వైపు తిప్పి పెట్టాలి. లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునేలోగా కంప్యూటరు ఒకసారి ఆరి వెలుగుతుంది.

అమలాపురం నుంచి ఆటోలో బ్యాటరీ వచ్చింది. యాభై కిలోల పైనే బరువు. ఇద్దరు మనుషులు దించారు. దాన్ని నిలువుగానే మోయాలి. వంచితే యాసిడ్ కారుతుంది.

బిగించేటప్పుడు అమ్మాయి సాయం చేయబోయింది. ఎలక్ట్రీషియను ఆమె చేతులు చూసి ఆగాడు.

“అమ్మా, ముందు ఆ బంగారు గాజులు తీసెయ్యండి. ఉంగరం కూడా. మెళ్లో గొలుసు జాకెట్టు లోపలికి వేసుకుని కొంగు బిగించండి.”

“12 వోల్టులే కదా అన్నయ్యా. కొట్టదన్నావుగా.”

“కొట్టదండి. కాలుస్తుంది.”

ఆ మాట నిజం. బ్యాటరీకి పైన రెండు గుబ్బలు వుంటాయి. ఒకటి కూడిక గుర్తుది, ఎర్ర వైరు దానికి. రెండోది తీసివేత గుర్తుది, నల్ల వైరు దానికి. ఆ రెండు గుబ్బలకీ ఒకేసారి లోహం ఏదైనా తగిలితే వందల యాంపుల కరెంటు ఒక్కసారిగా దాని గుండా పారుతుంది. గాజు క్షణంలో ఎర్రగా కాలుతుంది. చేతికే అతుక్కుపోతుంది. పూసల తాడు వేలాడుతూ వంగితే మెడ కాలుతుంది. మట్టిగాజులైతే ఆ భయం లేదు. ఇనుప స్పానరు జారి రెండు గుబ్బల మధ్య పడినా అంతే. అందుకే ఎలక్ట్రీషియను తన స్పానరు పిడికి నల్ల టేపు చుట్టుకున్నాడు. ఇన్వర్టరు కట్టేసే బిగించాడు. ముందు ఎర్ర వైరు, తర్వాత నల్ల వైరు. విప్పేటప్పుడు ముందు నల్లది, తర్వాత ఎర్రది. గుబ్బలకి వేజలైను రాశాడు. అది రాస్తే తెల్లటి పొడి పట్టదు.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలన్న దాని మీద కాస్త గొడవ జరిగింది. లీడరు అక్క గదిలో దేవుడి పటాలున్న మూల చూపించింది. రోజూ దీపం పెట్టే చోటు. చల్లగా వుంటుందని ఆమె ఆలోచన.

దీపం దగ్గర బ్యాటరీ పెట్టకూడదు. నిండేటప్పుడు దాంట్లోంచి హైడ్రోజన్ అనే గాలి వస్తుంది. అది కంటికి కనబడదు. వాసన రాదు. గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరితే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. అది తేలికైన గాలి. పైకి పోతుంది. పైన కిటికీయో, వెంటిలేటరో వుంటే బయటికి వెళ్లిపోతుంది. మూసిన గదిలో, అలమారలో, మంచం కింద పెడితే చేరుకుంటుంది. దీపం, అగరొత్తి, గ్యాసు పొయ్యి, బీడీ, ఇవేవీ దగ్గరకి రాకూడదు. వంటింట్లో అసలు వద్దు. చివరికి బ్యాటరీ వరండా వైపు గాలి వచ్చే మూలకి వెళ్లింది. నేల మీద కాకుండా ఎత్తు బల్ల మీద. ఆ ఎత్తు ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఏ నీళ్లు పోయాలి?

ఇన్వర్టరు బ్యాటరీలో ఆరు గదులు వుంటాయి. ఒక్కో గది రెండు వోల్టులు. ఆరు రెళ్లు పన్నెండు. లోపల సీసం పలకలు, నీళ్లు కలిపిన గంధకపు యాసిడ్ వుంటాయి. ఇది కొత్త వస్తువేమీ కాదు. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే అనే ఆయన మొదట చేశాడు. లారీల్లో, ట్రాక్టర్లలో వుండేది కూడా ఈ జాతిదే.

వాడుతుంటే లోపలి నీళ్లు తగ్గుతాయి. పలకలు బయటపడితే బ్యాటరీ పాడైనట్టే. ప్రతి గది మూత మీద చిన్న తేలుడు పుల్ల వుంటుంది. అది కిందికి దిగితే నీళ్లు తగ్గాయని. ఎండాకాలంలో నెలకోసారి చూడాలి.

అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఆవిరి చేసి, మళ్లీ చల్లార్చి పట్టిన నీళ్లు అవి. బ్యాటరీ షాపులో డబ్బాలో అమ్ముతారు. బోరు నీళ్లు, కాలవ నీళ్లు, తాగే క్యాను నీళ్లు వద్దు. మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పు వుంటుంది. ఆ ఉప్పు పలకల్ని తినేస్తుంది. యాసిడ్ కూడా మనం పోయకూడదు. నీళ్లు ఆవిరవుతాయి, యాసిడ్ ఆవిరవదు. గుర్తు దాటి పోయకూడదు. పొంగి కారుతుంది.

నీళ్లు పోసేటప్పుడు ఇన్వర్టరు కట్టేయాలి. కళ్లకి అద్దాలు, చేతులకి రబ్బరు తొడుగులు వుంటే మంచిది. పిల్లల్ని దగ్గరకి రానివ్వకూడదు. యాసిడ్ చుక్క చీర మీద పడితే ఉతికేటప్పుడు ఆ చోట చిరుగుతుంది. ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీళ్లు పోయాలి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆపకుండా పోయాలి. కంట్లో పడితే రెప్ప తెరిచి పట్టుకుని అలాగే కడగాలి. కడుగుతూనే 108కి ఫోను చేయించాలి. పసుపు, కొబ్బరినూనె, సున్నం రాయకండి. యూపీయస్ లోని చిన్న బ్యాటరీకి ఈ బాధ లేదు. దాన్ని మూసి సీలు వేస్తారు. నీళ్లు పోయక్కర్లేదు. దాని పొట్ట ఉబ్బిందంటే మాత్రం మార్చేయాలి.

స్తంభం మీద మనిషి

అన్నీ అయ్యాక లీడరు అక్క ఒక మాట అడిగింది.

“తమ్ముడూ, ఒక వైరుకి రెండు కొసలా ప్లగ్గులు పెట్టి, ఇన్వర్టరు నుంచి గోడ సాకెట్టులోకి గుచ్చితే భవనం మొత్తం వెలుగుతుందట కదా. పెళ్లిళ్లలో జనరేటర్లకి అలాగే చేస్తారు. మనమూ చేసుకుందామా?”

అతను చేస్తున్న పని ఆపేశాడు.

“అక్కా, ఆ పని ఎవరు చేసినా నేను చెయ్యను. స్తంభం మీద వుండేది మా అన్నయ్యండి.”

సాకెట్టులోకి మనం తోసిన కరెంటు ఇంట్లోనే ఆగదు. మీటరు దాటి వీధి తీగలోకి పోతుంది. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మరులోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులని తగ్గించి ఇళ్లకి 230 చేసి పంపుతుంది. దానికి వెనక నుంచి 230 ఇస్తే, అది తిరగబడి 11,000 చేస్తుంది. లైను ఆపేశారు కదా అని లైన్‌మన్ స్తంభం ఎక్కి తీగ పట్టుకుంటాడు. అతని చేతిలో ఆ 11,000 వోల్టులు. ఎవరింటి నుంచి వచ్చిందో కూడా తెలియదు.

జనరేటరైనా, ఇన్వర్టరైనా దాని వైర్లు వేరుగా వేయించాలి. ఒకటి కలిస్తే రెండోది తెగే ఛేంజోవరు స్విచ్చి జనరేటరుకి తప్పక వుండాలి. రెండు కొసలా ప్లగ్గులున్న వైరు ఇంట్లో వుంటే దాన్ని కోసి పారేయండి. దాని ఒక కొస బయట వుంటే ఆ పుల్లలు ముట్టుకున్న పిల్లాడి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఎవరికైనా షాకు కొడితే మనం పరుగెత్తి మెయిన్ స్విచ్చి తీస్తాం. మంచిదే. కానీ ఆ మనిషి పట్టుకున్నది యూపీయస్ వైరో, ఇన్వర్టరు వైరో అయితే మెయిన్ తీసినా కరెంటు పోదు. దాన్ని కూడా కట్టేయాలి. కట్టేదాకా ఆ మనిషిని చేత్తో పట్టుకోకూడదు. పొడి చెక్క మీద నిలబడి ఎండు కర్రతో వైరుని తోసేయాలి. అందుకే ఈ స్విచ్చిలు ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ తెలియాలి. అత్తగారికీ, పనికి వచ్చే మనిషికీ, పదేళ్ల పిల్లకీ.

మంట లేస్తే నీళ్లు చల్లకండి. స్విచ్చిలు కట్టేసి పొడి ఇసుక వేయండి. పొగ ఎక్కువైతే బయటికి వచ్చేసి 101కి ఫోను చేయండి.

తుపాను వస్తుందంటే

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో పెద్దవాళ్లెవరూ మరచిపోరు. కాకినాడకి దక్షిణంగా తుపాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు పడుకుండిపోయాయి. స్తంభాలు విరిగి తీగలు దారుల మీద పడ్డాయి. ఊళ్లకి ఊళ్లు చాలా రోజులు చీకట్లో వున్నాయి. 2022 జులైలో గోదావరి వచ్చినప్పుడు లంక ఊళ్లలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి.

బ్యాటరీని ఎత్తు బల్ల మీద పెట్టింది అందుకే. తుపాను కబురు రాగానే బ్యాటరీ నిండా వుందో లేదో చూసుకోవాలి. సెల్‌ఫోన్లు నింపుకోవాలి. ఆ నాలుగు రోజులూ ఫ్యాను వద్దు. ఒక బల్బు, ఫోన్లు, అంతే. అలా వాడితే 1,800 చాలా దూరం వస్తుంది. ఉరుములు మొదలైతే కంప్యూటరు మూసి, యూపీయస్ ప్లగ్గు గోడ నుంచి తీసేయాలి. పిడుగు దగ్గర పడితే ఏ పెట్టే ఆగదు.

నీళ్లు గుమ్మం దాటేలా వుంటే, నీళ్లు రాకముందే ఇన్వర్టరు కట్టేయాలి. వచ్చాక దాని దగ్గరకి పోకూడదు. ఊరికి కరెంటు లేదు కదా అనుకోవద్దు, పెట్టెలో వుంటుంది. నీళ్లు తీశాక బురద కడిగేసి మీట వేయకండి. తడిసిన ఇన్వర్టరు, తడిసిన బోర్డులు ఎలక్ట్రీషియను చూసేదాకా అలాగే వుంచాలి. ఉప్పునీళ్లు లోపలికి పోయిన బ్యాటరీని మళ్లీ నింపకూడదు. విషపు గాలి వస్తుంది. దారిలో తెగిన తీగ కనబడితే దాటకుండా 1912కి ఫోను చేయాలి. అది కరెంటు వాళ్ల నంబరు.

పాత బ్యాటరీ

సంఘం గదిలో యూపీయస్ పెట్టెకి కొత్త బ్యాటరీ కూడా వేశారు. పాతది నాలుగేళ్లది. దాన్ని ఏం చేయాలి?

“మా తమ్ముడు అడుగుతున్నాడు. కరిగించి వలకి గుళ్లు పోసుకుంటాడంట” అంది ఒకావిడ. అంతర్వేది వైపు పుట్టిల్లు ఆమెది.

సీసం విషం. దాన్ని పొయ్యి మీద కరిగిస్తే పొగ ఊపిరిలోకి పోతుంది. దుమ్ము చేతికి, బట్టలకి, అన్నానికి అంటుతుంది. పసిపిల్లల ఒంట్లోకి కాస్త చేరినా బుర్ర ఎదగదు. చదువు ఎక్కదు. కడుపుతో వున్నవాళ్లకి మరీ చెడ్డది. పగలగొట్టి పెరట్లో పారబోస్తే నూతి నీళ్లలోకి దిగుతుంది. ఆ పుట్టింటి ఆవిడకి ఇది ఎవరూ గట్టిగా చెప్పలేదు. పెద్దమ్మే పక్కకి తీసుకెళ్లి చెప్పింది. ఏం చెప్పిందో గానీ ఆవిడ మళ్లీ అడగలేదు.

పాత బ్యాటరీ కొన్న షాపుకే ఇచ్చేయాలి. 2001 నుంచి దీనికి చట్టంలో నియమాలు వున్నాయి. 2022లో వచ్చిన కొత్త నియమాల ప్రకారం పాత వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారుచేసిన వాళ్లదే. ఇంట్లో మూల పడేసి వుంచితే నష్టం మనకే. పాతదిస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. ఎంత తగ్గిస్తారో ముందే అడగండి. రెండు షాపుల్లో అడగండి. బిల్లు, వారంటీ కాగితం తీసుకోండి. తారీఖు వేయించుకోండి. తారీఖు లేని వారంటీ కాగితానికి విలువ లేదు.

ఎలక్ట్రీషియను పెట్టె స్క్రూలు బిగించాడు. కొత్త మూడు కాళ్ల ప్లగ్గు వేశాడు. ఎనిమిది గంటలు నిండనివ్వమన్నాడు. నెలకోసారి పని భద్రం చేసుకుని, గోడ స్విచ్చి కట్టి, పెట్టె ఎన్ని నిమిషాలు లాగుతుందో చూడమన్నాడు. ప్లగ్గు పీకి చూడకూడదు, పీకితే ఎర్తు కూడా పోతుంది. నిమిషాలు తగ్గుతూ వస్తే బ్యాటరీ ముసలిదవుతోందని అర్థం.

“నిమిషాలు ఎక్కడ రాయాలి?” అంది అమ్మాయి.

పెద్దమ్మ సంఘం లెక్కల పుస్తకంలో చివరి పేజీ తీసింది. మూడు గీతలు గీసింది. ఒక గడిలో తారీఖు, ఒక గడిలో నిమిషాలు, ఒక గడిలో చూసిన వాళ్ల సంతకం. తర్వాత తెల్ల రంగు పుల్లతో అద్ది, పెట్టె మీద ఆ రోజు తారీఖు రాసింది. అంకెలు కాస్త వంకరగా వచ్చాయి. వరండా గుమ్మం దాకా కనబడుతున్నాయి.